గోడమీది హాజరు

పుట్టడం ప్రకృతి నియమం, పోవడం విధి నిర్ణయం, ఈ రెంటికీ మధ్య మనిషి ఆఫీసులో ఉన్నాడా లేడా అన్నది మాత్రం యాప్ ఇష్టం. చూపులేని మిత్రులందరూ ముందుగా ఈ సత్యాన్ని కంఠస్థం చెయ్యాలి. తక్కిన చిట్కాలన్నీ దీని తర్వాతే.

నా గురించి నేనే చెప్పుకోవాలి, ఇంకెవరూ చెప్పరు గనక. నేనొక పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటర్ని. నాకు చూపు లేదు, చెవులు మాత్రం ఇద్దరికి సరిపడా ఉన్నాయి. అవతలివాళ్ళు హలో అంటే చాలు, పిల్లల వార్డు కావాలా, రక్తపరీక్ష గది కావాలా, ఊరికే ఎవరో ఒకరిని తిట్టిపొయ్యాలా అన్నది పోల్చుకుని ఆ ప్రకారం లైను కలుపుతాను. ఆసుపత్రిలో అందరికీ నేను ఎక్స్‌ఛేంజ్ అక్కని. ఆదివారం మాత్రం గురువుగారిని. మా అంధ మిత్రుల వాయిస్ గ్రూపులో ఫోన్‌ని, కంప్యూటర్‌ని లొంగదీసే చిట్కాలు వారం వారం చెబుతాను. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే గొంతు ప్రతి ఫోన్‌లోనూ ఉంటుందని, అది నిద్రపోతుంటే తట్టి లేపాలని చాలామందికి నేర్పింది నేనే. (నా శిష్యుడొకడు ఆ గొంతుని ఎంత వేగంగా పెట్టుకున్నాడంటే, అది ఏదో పరాయి భాష అనుకుని వాళ్ళావిడ అతన్ని చాలాకాలం అనుమానించింది.)

ఇలా ఉండగా మా యాజమాన్యం సంతకాల రిజిస్టరుకి స్వస్తి చెప్పి ముఖ హాజరు యాప్ తెచ్చింది. ఉద్యోగి ఫోన్‌ని ముఖానికి ఎదురుగా పట్టుకోవాలి, తెరమీది సున్నాలోకి చూడాలి, ఒకసారి రెప్ప వాల్చి ఎత్తాలి. అప్పుడు ఆ మనిషి వచ్చినట్టు యాప్ ఒప్పుకుంటుంది. మరి చూపులేనివాళ్ళ సంగతేమిటని అడిగాను. యాజమాన్యం నా ప్రశ్నను సగౌరవంగా స్వీకరించి, దానికి జవాబు చెప్పే బదులు 'సమ్మిళిత హాజరు సౌలభ్యాధికారి' అనే కొత్త పోస్టు సృష్టించింది. ఆ పోస్టులో చేరినాయన మొదటిరోజే నా గదికి దయచేసి, నేను చెప్పిందంతా విని, చూద్దాం లెండమ్మా అన్నారు. (ఆఫీసుల్లో కళ్ళున్నవాళ్ళు 'చూద్దాం' అన్నారంటే ఇక చూడరని అర్థం. ఈ ఒక్క విషయంలో వాళ్ళూ మేమూ సమానం.)

అలాగని ఆయన్ని ఆడిపోసుకోవడం న్యాయం కాదు. ఆయన పని చేశారు. అంధుల కోసం ప్రత్యేకంగా చిట్కాల పుస్తకం అచ్చు వేయించారు. కాగితం బుగ్గలా నున్నగా ఉంది, లోపల రంగురంగుల బొమ్మలున్నాయట. మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని మొదటి చిట్కా చదివి వినిపించారు: 'బొమ్మలో చూపిన ఎర్ర బటన్ నొక్కండి.' తర్వాతి చిట్కా పచ్చ బటన్ గురించి. ఆవిడ పుస్తకం మూసి, కాగితం బాగుంది, అలమరలో పరచుకోవచ్చు అని తీర్పు చెప్పారు.

ఇక్కడ చదువరులకు ఒక చిన్న పాఠం. ఫోన్ గొంతు బటన్ పేరు చదవాలంటే, యాప్ తయారుచేసినవాళ్ళు ఆ బటన్‌కి ఓ పేరు రాసిపెట్టాలి. రాయకపోతే ఆ గొంతు పాపం 'బటన్' అని ఊరుకుంటుంది. మా యాప్ మొత్తం బటన్, బటన్, బటన్ అని దర్జీ కొట్టులా ఉండేది. బటన్లకి పేర్లు పెట్టించండి మహాప్రభో అని అధికారిగారికి మొరపెట్టుకున్నాను. కొన్నాళ్ళకి పెట్టించారు. ఆ పని అప్పజెప్పినవాళ్ళకి ఆదేశం ఎలా వెళ్ళిందో వాళ్ళు అలాగే, అక్షరం పొల్లుపోకుండా, ప్రతి బటన్ మీదా ఎక్కించారు. ఇప్పుడు నా ఫోన్ 'ఇక్కడ పేరు రాయాలి, బటన్' అంటుంది. పక్కకి జరిపితే 'ఇక్కడ పేరు రాయాలి, బటన్' అంటుంది. పురోగతి కాదనలేం. ఇదివరకు ఒక్క మాటే ఉండేది.

ముఖం నమోదు చేసుకునే రోజు వచ్చింది. నా కుర్చీలో నిటారుగా కూర్చుని, ఫోన్ ఎత్తి పట్టుకుని, ఆ పేర్లలో నాకు నచ్చిన 'ఇక్కడ పేరు రాయాలి' నొక్కాను. టక్కుమని ఏదో మారింది. నెత్తిమీద పాత ట్యూబులైటు గుయ్యిమంటూ కొట్టుకుంటోంది. అది మిణుకు మిణుకుమంటూ ప్రాణం తీస్తోందని నర్సులు విసుక్కునేవారు, నాకు మాత్రం అది చప్పుడే. కాసేపటికి ఫోన్, ముఖం నమోదైంది, రెప్ప ఆడించినందుకు ధన్యవాదాలు అంది. అప్పట్నుంచి రోజూ కుర్చీలో కూర్చోవడం, ఫోన్ ఎత్తడం, హాజరు. ఒక్కరోజూ తప్పలేదు. కళ్ళున్న నర్సులు వెలుతురు చాలక, ముఖం కుదరక గుమ్మంలో నానా అవస్థలు పడుతుంటే, నాది మాత్రం చిటికెలో అయిపోయేది.

నేను ఊరుకుంటానా! ఆదివారం గ్రూపులో ఉపన్యాసమే ఇచ్చాను. మెడ నిటారుగా పెట్టండి, ఫోన్ గుండెకి ఎదురుగా పట్టండి, మనసులో దిగులు పెట్టుకోకండి, అంతే అన్నాను. నా మాట నమ్మి మెడలు పట్టేసినవాళ్ళు తర్వాతి ఆదివారం నన్ను ఏకగ్రీవంగా తిట్టారు. వాళ్ళకి సాధన చాలదని చెప్పాను.

అంతలో మా గదికి రంగులు వెయ్యడానికి పెయింటర్ వచ్చాడు. గోడలకున్నవన్నీ దింపి వరండాలో పెట్టాడు, పనిలో పనిగా ఎలక్ట్రీషియన్ వచ్చి కొత్త లైటు బిగించిపోయాడు. మర్నాడు ఫోన్ ఎత్తితే, ముఖం కుదరలేదు, దయచేసి ముఖం సరిచేసుకోండి అంది. ముఖం కడుక్కుని వచ్చి మళ్ళీ ఎత్తాను. అదే మాట. దువ్వెన, పౌడరు, చిరునవ్వు, అన్నీ అయ్యాయి. నేను కుర్చీలోనే ఉన్నాను, కాల్స్ కలుపుతూనే ఉన్నాను, యాప్ లెక్కలో మాత్రం గైర్హాజరు.

నెలాఖరు దాకా గైర్హాజరైతే పోస్టు దానంతటదే ఖాళీ అయిపోతుందని రూలు. ఖాళీ అయిన చోట యంత్రపు గొంతు పెడతారు. నొప్పికి ఒకటి నొక్కండి, భరించలేని నొప్పికి రెండు నొక్కండి, నొక్కే ఓపిక లేకపోతే లైనులోనే ఉండండి అంటుందది. నవ్వుతూనే చెబుతున్నాను గానీ, ఆ రూలు విన్నరోజు వచ్చిన ప్రతి కాల్‌నీ ఇదే ఆఖరిదేమో అనుకుంటూ కలిపాను. అమ్మ లేవట్లేదండీ అని ఏడుస్తూ ఫోన్ చేసే పిల్లకి ఏది నొక్కాలో ఎవరు చెబుతారు? ఈ కుర్చీ నాకు జీతమొక్కటే కాదు. నేను లేకపోతే లోటు తెలిసే చోటు ఈ లోకంలో ఇదొకటి ఉందని నా ధీమా.

సరే, ఫిర్యాదుల నంబరుకి నా సెల్‌ఫోన్ నుంచి కాల్ చేశాను. ఎదురుగా ఎక్స్‌ఛేంజ్ ఫోన్ మోగింది. డ్యూటీ డ్యూటీయే కదా, ఎత్తాను. నాకు నేనే వినబడ్డాను. ఫిర్యాదు స్వీకరించి, విచారిస్తామని నాకు హామీ ఇచ్చి, మర్యాదగా పెట్టేశాను. (ఆ విభాగం నుంచి అంత త్వరగా స్పందన వచ్చిన సందర్భం అదొక్కటే.)

ఇంట్లో సంగతి చెబితే మా అత్తగారికి ఒళ్ళు మండింది. "నువ్వక్కడ లేకపోతే నేను రోజూ క్యారేజీ కడుతున్నది ఎవరికే?" అన్నారు. ఖాళీ క్యారేజీని సాక్ష్యంగా పంపించారు కూడా. అధికారిగారు దాన్ని పరిశీలించి, ఇది తిన్నారనడానికి రుజువే గానీ వచ్చారనడానికి రుజువు కాదని తిప్పిపంపారు. కడిగించి పంపారు, ఆ మాట చెప్పుకోవాలి.

నెల చివరిరోజు పొద్దున్నే ఆయన దగ్గర్నుంచి ఎక్స్‌ఛేంజ్‌కి ఫోన్.

"గైర్హాజరైన ఆపరేటర్‌గారికి నోటీసివ్వాలమ్మా. ఆవిడ ఎక్కడుందో కాస్త లైను కలపండి."

"కలిపాను, చెప్పండి."

"ఆవిడేనా?"

"ఆవిడే సార్."

"మరి ఇందాకటి మీరు?"

"నేనూ ఆవిడే."

అవతల కాగితం తిప్పిన చప్పుడైంది. "అయితే ఇద్దరూ లేరని రాసుకుంటాను," అన్నారు.

నాకు కోపం నషాళానికంటింది. ఒక్కసారి మీరే వచ్చి చూడండి, ఈసారైనా నిజంగా చూడండి అన్నాను. ఆ మాటకి నొచ్చుకున్నారో ఏమో, వచ్చారు. నా ఫోన్ అడిగి తీసుకుని, ఇది పోయిందమ్మా, తెరంతా నల్లగా ఉంది, అందుకే హాజరు పడట్లేదు అని తేల్చేశారు. తెరతో నాకేం పని సార్, కావాలనే ఆర్పేసి ఉంచుతాను అని వివరించాను. బ్యాటరీ మిగులుతుంది, మన కబుర్లు పక్కవాళ్ళు చదవరు. (మిత్రులకు చిట్కా: బస్సులో పక్కసీటు వాళ్ళ మెడనొప్పికి ఇదే మందు.) తెర వెలిగించి ఇచ్చాను. ఆయన తన అధికారంతో నా నమోదు వివరాలు తెరిచారు.

"అమ్మా, మీకు మీసాలున్నాయా?" అన్నారు.

"ఇప్పటిదాకా లేవు సార్. రూలొస్తే చెప్పండి."

కుర్చీ కిర్రుమంది. ఆయన లేచి నిలబడ్డారు. నా వివరాల్లో ఉన్న ముఖం, ఎప్పుడో కాలం చేసిన మా ఆసుపత్రి వ్యవస్థాపకులైన పెద్దాయనది. నేను నొక్కిన 'ఇక్కడ పేరు రాయాలి' ముందు కెమెరాని ఆపి వెనక కెమెరాని తెరిచే బటన్ అట, అప్పట్నుంచీ రోజూ అదే తెరుచుకుంటోందట. వెనక కెమెరాకి ఎదురుగోడ మీద అద్దం బిగించిన పెద్దాయన పటం. కొట్టుకునే ట్యూబులైటు వెలుగు ఆ అద్దం మీద పడి, పెద్దాయన రెప్ప ఆడించినట్టు యాప్‌కి తోచింది. ఇన్నాళ్ళూ ఒక్కరోజు తప్పకుండా డ్యూటీకి వచ్చింది ఆయన. మా గ్రూపులో పట్టేసిన మెడలన్నీ నాకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

అయితే ఈ ముఖం తీసేసి నా ముఖం పెట్టండి అన్నాను. కుదరదట. నిబంధనల ప్రకారం ఒక ఉద్యోగికి ముఖం ఒకేసారి ఇస్తారు. మార్చాలంటే పాత ముఖం యాప్‌లోకి చూసి సమ్మతి చెప్పాలి. పెద్దాయన సమ్మతి ఎలా తేవాలో మా ఇద్దరికీ తోచలేదు. రికార్డు తప్పు కావడానికి వీల్లేదు గనక, తేడా వచ్చింది మీ ముఖంలోనేనమ్మా అని ఆయన ఓదార్పుగా చెప్పారు.

ఇక మిగిలింది ఒకటే దారి. వరండాలోంచి పటం తెప్పించి ఎదురుగోడకి తగిలించారు. ఫోన్ ఎత్తాను. ముఖం కుదిరింది, రెప్ప ఆడించండి అంది. పెద్దాయన ఆడించలేదు. కొత్త లైటు కొట్టుకోదు కదా! సాయంత్రం ఆఫీసు మూసేలోగా ఆయన రెప్ప వెయ్యకపోతే నా కుర్చీ పోయినట్టే. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించారు. బాగున్న లైటు తీసేసి పాడైనది పెట్టమంటే ఆ మనిషి చిన్నబుచ్చుకున్నాడు. బాగుచెయ్యలేదని తిట్టారు, ఆలస్యం చేశానని తిట్టారు, బాగుచేశానని తిట్టినవాళ్ళు మీరేనక్కా అన్నాడు. అయినా పాత సామాన్ల గదంతా వెతికి ఆ ట్యూబులైటే పట్టుకొచ్చాడు. స్విచ్చి వేశారు. గుయ్యిమంది. అంత కమ్మని చప్పుడు నేనింతవరకు వినలేదు. రెండు చేతులతో పట్టుకుని ఫోన్ ఎత్తాను.

హాజరు నమోదైంది అంది ఫోన్. హెడ్ నర్సు నన్ను గట్టిగా వాటేసుకుంది. నేను ఏడ్చాను, దాంట్లో దాపరికమేముంది. అధికారిగారు మాత్రం అప్పటికప్పుడే ఆజ్ఞ జారీచేశారు: ఎక్స్‌ఛేంజ్ గదిలో పటం దింపరాదు, లైటు బాగుచెయ్యరాదు, ఆపరేటర్ తన కుర్చీని జరపరాదు. ఆ నెల గైర్హాజరుని 'గోడ మరమ్మతు సెలవు' కింద సర్దేశారు. మనిషి చెడ్డవారు కాదు.

అలా ఏడాది తిరిగింది. ఉత్తమ ఉద్యోగిని యాప్ తనంతట తానే ఎంపిక చేసింది. నంబరు నాది, ఫోటో పెద్దాయనది. ప్రశంసాపత్రానికి ఫ్రేము కట్టించి పటం పక్కనే తగిలించారు. మా అత్తగారు వచ్చి తడిమి చూసి, ఈ కాగితం కూడా బాగుందన్నారు. ఆ పొద్దున్నే అధికారిగారి ఫోన్. ఉత్తమ ఉద్యోగిని అభినందించాలి, లైను కలపమన్నారు. లైనులోనే ఉన్నాను సార్ అన్నాను. మీరు కాదమ్మా, ఫోటోలో ఉన్నాయన అన్నారు. రిసీవర్ని గోడవైపు తిప్పి పట్టుకున్నాను. ఆయన చాలాసేపు మాట్లాడారు, సంస్థ గురించి, క్రమశిక్షణ గురించి. మళ్ళీ నేను చెవిన పెట్టుకునేసరికి ఆయన ఇంకా పొగుడుతూనే ఉన్నారు.

"ఎంత అణకువమ్మా! ఏడాదిగా ఒక్క సెలవు లేదు, ఒక్క ఫిర్యాదు లేదు, ఇంతసేపట్లో ఒక్క మాట ఎదురు చెప్పలేదు. మీరంతా ఆయన్ని చూసి నేర్చుకోవాలి."

"చూద్దాం సార్," అన్నాను.