ఆఖరి స్థానమే అన్నిటికన్నా క్షేమం

అమ్మలారా, బిడ్డల్ని పందేలకు పంపితే ఆఖర్న రమ్మని చెప్పి పంపండి. లోకంలో అంత క్షేమమైన స్థానం ఇంకొకటి లేదు. నేను చదివింది ఏడో తరగతే అయినా ఈ సంగతి బాగా ఆలోచించే రాస్తున్నాను.

మా కొడుకు జిలాన్ పంతొమ్మిది వందల ఎనభైలో మదనపల్లె నుంచి పట్టాళంలో చేరి, కాశ్మీరు కొండల్లో స్కీయింగు నేర్చుకుని, ఒలింపిక్స్ దాకా పోయినాడు. కాళ్ళకు పొడవాటి చెక్కలు, చేతికొక కర్ర. ఆ కర్రలతో పొడుచుకుంటా మంచులో పదిహేను కిలోమీటర్లు పోవాల. ఈడనుంచి పుంగనూరు దావలో సగం పైనే! తోడుగా నలుగురు ఆఫీసర్లు పోయినారు. మావాడు ఆఖర్న వచ్చినాడు.

ఎంత మేలో చూడండి. ఆఖరివాణ్ణి వెనకనుంచి ఎవరు గుద్దుతారు? ముందరివాళ్ళు పడిన గుంతలన్నీ వానికి కనపడతాయి. మంచులో పులి ఉన్నా మొదటివాణ్ణే కదా పట్టేది?

పక్కింటి ఈశ్వరమ్మకు ఇదంతా అర్థం కాదు.

"మైమూనూ, మీవోడు ఆఖరంటనే? మా ముద్దుకృష్ణ కుప్పం బడిలో గోనెసంచి పందెంలో మూడోవోడు తెలుసునా."

"మూడోవోడా? జాగర్త అక్కా, దిష్టి తియ్యి" అన్నాను.

పోయిన నెల పట్టాళం ఆఫీసునుంచి కాగితం వచ్చింది. చలికి తట్టుకోలేని మనిషి కాబట్టి జిలాన్‌ను జట్టులోనుంచి తీసేసినారంట. ఆ మంచులోనుంచి వాణ్ణి ఇంటికి చేర్చమని ఐదేండ్లుగా దువా చేసిన దాన్ని నేను. వాడు ఇల్లు చేరినాడో లేదో సేమియా పాయసం చేసినాను. వాడు ముట్టలేదు.

"యాల తినవు నాయనా?"

"చలి కాదమ్మా" అని చొక్కా చెయ్యి పైకి లాగినాడు. కుడి రెట్టకు నల్లగా కడియం మాదిరి మచ్చ.

ప్రయాణం పోయేవాళ్ళ రెట్టకు గుడ్డలో నాణెం పెట్టి ఇమాంజామిన్ కడతాం. క్షేమంగా చేరినాక విప్పి, ఆ నాణెం బీదలకు ఇయ్యాల. అది జారిపోతాదేమోనని, పందెం పొద్దున గట్టిగా బిగించుకోమని నేనే జాబు రాసినాను. సగం దూరానికే చెయ్యి మొద్దుబారి కర్ర పడిపోయిందంట. మిగతా సగం ఒంటిచేత్తోనే పొడుచుకుంటా వచ్చినాడు.

"విప్పేసుకోవచ్చు కదరా?"

"చేరినాకే విప్పాలని నువ్వే కదమ్మా చెప్పేది."

"మరి అప్పుడు ఆ నలుగురు ఆఫీసర్లు యాడుండినారు?"

"లోపల. హీటరు కాడ."

ఒక్కడు బయట నిలబడినా, పిల్లోని చేతిలో కర్ర లేదని చూసుండడా? చలికి తట్టుకోలేనిది ఎవరు?

ఆఫీసుకు జవాబు రాసినాను. తప్పు నాది, తీసేసేదైతే నన్ను తీసేయండి, వాణ్ణి ఇంకొక్కసారి పంపండి అని. ఇమాంజామిన్ కట్టకుండా పంపడం మాత్రం నావల్ల కాదు. ఈసారి వాళ్ళ నాయన కడతాడు. ఆయన సైకిలుకు కట్టిన పరుపు బస్టాండు దాటకముందే ఊడిపోతాది.