సీటు కింద గొట్టం

ఇస్త్రీ చొక్కా వేసుకోవడం, అందరికంటే ముందు ఫ్యాక్టరీకి చేరడం, సాయంత్రానికి పర్మనెంటు ఉద్యోగిగా ఇంటికి తిరిగి రావడం. ఆ ఉదయం సేఫ్టీ ఆఫీసరు వేసుకున్న పథకం ఇంతే. ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీద నెట్టుకొస్తున్న మనిషి. పై ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్న ఆడిటరమ్మ మెచ్చుకుంటే ఉద్యోగం ఖాయం, నొచ్చుకుంటే ఇంటికే.

భార్య గేటు దాకా వచ్చి మోటారుసైకిలు వైపు అనుమానంగా చూసింది.

"ఏమండీ, ఆ ఎర్ర దీపం ఇవాళ వెలగడం లేదేంటి?"

"బాగు చేయించాను. చూడు, రెండు టైర్లలోనూ గాలి ముప్పై రెండు."

"చూపిస్తోంది సరే. లోపల గాలి ఉందా అని అడుగుతున్నా."

"ఇవాళ కూడా నాతో వాదించకపోతే నీకు తోచదా?" అని ఆయన బండి తీశాడు. ప్రశ్న మంచిదే. జవాబే మంచిది కాదు.

ఆ బండి టైర్లలో గాలి తగ్గితే హెచ్చరించే సెన్సర్లున్నాయి. నెల రోజులుగా వాటికి మతి చలించింది. టైరు రాయిలా ఉన్నా సరే, గాలి లేదు మొర్రో అని ఎర్ర దీపం వెలిగించి కూత పెట్టేవి. షోరూముకు వెళ్తే కొత్తవి రావడానికి చాలా కాలం పడుతుందన్నారు. ఈలోగా ఫ్యాక్టరీలో నవ్వులు మొదలయ్యాయి. "సేఫ్టీ సారు బండే ఏడ్చుకుంటూ వస్తోంది, ఇక మన గతేంటి?" అని కార్మికులు ఆయనకు వినపడేలాగే అనుకున్నారు. ఆడిటరమ్మ ముందు కూడా అది ఏడిస్తే కొంప మునుగుతుంది.

"చక్రంలో పడి తిరిగి తిరిగి వాటికి కళ్ళు తిరుగుతున్నాయి సార్," అన్నాడు ఫ్యాక్టరీ ఫిట్టరు. "చల్లగా ఒకచోట కూర్చోబెడితే బుద్ధిగా ఉంటాయి."

ముందురోజు సాయంత్రం అతను రెండు సెన్సర్లనూ టైర్లలోంచి పీకి, జానెడు ఇనప గొట్టంలో వేసి, రెండు వైపులా మూతలు బిగించాడు. ఒక మూతకున్న వాల్వులోంచి సరిగ్గా ముప్పై రెండు వచ్చేదాకా గాలి కొట్టాడు. గొట్టానికి నల్ల టేపు చుట్టి, సీటు కింద తీగతో కట్టేశాడు. ఇక టైరు పీలికలై రోడ్డున పడినా, బండి మాత్రం అంతా కులాసా అనే చెబుతుంది.

ఇలాంటి పని మరొకరు చేసి ఉంటే ఊరుకునే మనిషి కాదాయన. ఏడాది కిందట రంగులు ఆరబెట్టే గదిలో పొగ అలారం ఊరికే మోగుతోందని ఒక కార్మికుడు దానికి గుడ్డ కుక్కాడు. కొద్దిరోజులకే అక్కడ నిజంగా మంటలు లేచాయి. అలారం నోరు మెదపలేదు. పక్కన పనిచేసేవాడి చేతులు రెండూ కాలిపోయాయి. గుడ్డ కుక్కినవాణ్ణి ఉద్యోగంలోంచి తీసేయించింది సేఫ్టీ ఆఫీసరే. "హెచ్చరిక నోరు నొక్కినవాడు హంతకుడితో సమానం" అని గేటు పక్క గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించిందీ ఆయనే. నిన్న సాయంత్రం ఆ గోడ పక్కనుంచే తల తిప్పకుండా ఇంటికి వెళ్ళాడు.

పథకం ప్రకారం అందరికంటే ముందే చేరాడు. బండి తాళం గేటు దగ్గర బోర్డుకు తగిలించాడు. ఏ ఆపదొచ్చినా వాహనాలు చప్పున తప్పించడానికని ఆ పద్ధతి పెట్టింది తనే. పెద్దవాళ్ళు వచ్చే రోజున ప్రతి సీటూ ఎత్తి చూడాలని, అనుమానమొస్తే ముట్టుకోకుండా సైరను మోగించాలని, ఎవరేం చెప్పినా వినొద్దని, "చివరికి నేను చెప్పినా సరే" అని వాచ్‌మన్‌కు నూరిపోసిందీ తనే. వాచ్‌మన్ ఆ పాఠాన్ని చెక్కు చెదరకుండా గుర్తుపెట్టుకున్నాడు.

మేనేజరు గదిలో ఆడిటరమ్మ కాఫీ కప్పు అందుకుంటుండగా సైరను మోగింది. మూడు వందల మంది కార్మికులు తోపులాట లేకుండా బయట మైదానంలోకి వచ్చి వరసల్లో నిలబడ్డారు.

"చూశారా మేడమ్! మీరొస్తున్నారని మా సేఫ్టీ ఆఫీసరు డ్రిల్లు పెట్టించాడు," అన్నాడు మేనేజరు, ఛాతీ పొంగించి.

తను పెట్టించని డ్రిల్లుకు సేఫ్టీ ఆఫీసరు వినయంగా తల వంచాడు. అంతలో వాచ్‌మన్ రొప్పుతూ వచ్చాడు.

"డ్రిల్లు కాదు సార్, బాంబు! మీ బండి సీటు కిందే! గొట్టం, తీగ, నల్ల టేపు! మిమ్మల్ని చంపాలని చూశారు సార్!"

"ఉండు, నేనొకసారి వెళ్ళి చూస్తాను," అని సేఫ్టీ ఆఫీసరు కదలబోయాడు.

"వద్దు సార్! ఎవరి మాటా వినొద్దన్నారు. మీ మాట కూడా." వాచ్‌మన్ ఆయన నడుం పట్టి వెనక్కి లాగాడు.

నిజం చెప్పడానికి అదే అదను. ఆయన నోరు తెరిచాడు కూడా.

"అలారానికి గుడ్డ కుక్కినవాణ్ణి తీసేయించింది మీరే కదూ?" అంది ఆడిటరమ్మ. "ఆ పగే అయుంటుంది. మీలాంటి నిక్కచ్చి మనిషే మాకు కావాలి. సాయంత్రం ఆర్డరు మీద సంతకం పెట్టేస్తాను."

తెరిచిన నోరు మూతపడింది.

పోలీసులొచ్చారు. వెనకే బాంబు స్క్వాడు వచ్చింది. నిన్న సాయంత్రం ఆ బండి దగ్గర ఎవరినైనా చూశావా అని అడిగితే, వాచ్‌మన్ క్షణం కూడా ఆలోచించకుండా ఫిట్టరు పేరు చెప్పాడు. వరసలోంచి అతన్ని ఈడ్చుకొచ్చారు.

"అయ్యో, అది బాంబేంటి! సార్, మీరే చెప్పండి సార్, అదేంటో!"

అందరి కళ్ళూ సేఫ్టీ ఆఫీసరు మీదే. ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"నేను... నిన్న తొందరగా ఇంటికెళ్ళిపోయాను," అన్నాడు.

అంత నీచమైన మాట ఆయన జన్మలో పలకలేదు. పలికాక సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ఫిట్టరు నమ్మలేనట్టు చూశాడు. ఆ చూపు పూర్తికాకముందే అతని చెంప ఛెళ్ళుమంది, పోలీసు వ్యాను తలుపు పడింది.

స్క్వాడు అధికారి బండి చుట్టూ ఇసక బస్తాలు పేర్చి, తమ మందు పెట్టి దూరంనుంచి మీట నొక్కాడు. మైదానం అదిరింది. మోటారుసైకిలు ముక్కలై పడింది.

"ఎంత చప్పుడొచ్చిందో విన్నారా?" అన్నాడు అధికారి గర్వంగా. "సామాన్యమైన బాంబు కాదు."

అది మీ మందు చప్పుడే అని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. అంతలో, ప్యాకింగు గదిలో పనిచేసే ఫిట్టరు భార్య వరస దాటి పరిగెత్తుకొచ్చి, సేఫ్టీ ఆఫీసరు చెయ్యి పట్టుకుంది.

"అన్నా, మా ఆయన అలాంటోడు కాదన్నా. మీరొక్క మాట చెబితే వదిలేస్తారు."

పర్మనెంటు ఉద్యోగం ఆయనకు కళ్ళముందే కనిపిస్తోంది. దానికంటే దగ్గరగా ఈ చెయ్యి ఉంది.

"అది బాంబు కాదు," అన్నాడు, మైదానమంతా వినబడేలా. "నాదే. టైరు సెన్సర్లు. దీపం వెలగకుండా నేనే గొట్టంలో పెట్టించాను. ఫిట్టరు తప్పేం లేదు."

అధికారి జాలిగా భుజం తట్టాడు. "షాకులో ఉన్నారు. నీళ్ళు పట్టండి."

"మంచితనానికీ హద్దుండాలి," అంది ఆడిటరమ్మ. "మీరు హెచ్చరిక నోరు నొక్కుతారా?"

"నొక్కాను మేడమ్."

ఒక్కరూ నమ్మలేదు. పొద్దుటినుంచి ఆయన చెప్పిన అబద్ధాలన్నీ చెల్లుబాటయ్యాయి, ఈ ఒక్క నిజం తప్ప. అప్పుడు వ్యాను కిటికీలోంచి ఫిట్టరు గొంతు చించుకున్నాడు.

"నమ్మకపోతే బాయిలరు గదిలో చూడండి! అలాంటి గొట్టాలే ఇంకో నాలుగున్నాయి! ఆవిరి ఎక్కువైనప్పుడల్లా అలారం మోగి పని ఆగిపోతోందని మేనేజరుగారే కట్టించారు!"

మేనేజరు మొహం సున్నం కొట్టినట్టయింది. "వీడు కూడా షాకులో ఉన్నాడు," అన్నాడు. ఈసారి నీళ్ళు ఎవరూ తేలేదు.

వెళ్ళి చూస్తే, బాయిలరు గదిలో బోర్డు మీద పచ్చ దీపం ప్రశాంతంగా వెలుగుతోంది. రోజూ దాన్ని చూసి "అంతా సవ్యం" అని సంతకం పెట్టేది సేఫ్టీ ఆఫీసరే. గొట్టాలు ఉన్నది బోర్డు వెనక. ఆయన ఒక్కనాడూ వెనక్కి వెళ్ళి చూడలేదు. బేడీలు విప్పాక ఫిట్టరు ఒక సెన్సరును గొట్టంలోంచి తీసి అసలు బాయిలరుకు తగిలించాడు. బోర్డు మీద ఆవిరి కొలిచే ముల్లు లేచింది. పసుపు గీత దాటి, ఎర్ర గీత దాటి, ఇక పోవడానికి చోటులేక ఆగింది.

ఫిట్టరు ఆవిరి వదిలే చక్రం తిప్పాడు. ఆవిరి చాలాసేపు కేకలు పెడుతూ బయటికి పోయింది. బాయిలరును ఆనుకునే ప్యాకింగు గది. సైరనుకు లేచి వచ్చేసిన ఆడవాళ్ళ బల్లలన్నీ ఖాళీగా ఉన్నాయి. సేఫ్టీ ఆఫీసరు ఆ బల్లలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు.

సాయంత్రానికి వ్యానులో ఫిట్టరు కూర్చున్న చోట మేనేజరు కూర్చున్నాడు. ఫిట్టరు ఉద్యోగం కూడా పోయింది. ఫ్యాక్టరీ తలుపులకు సీళ్ళు పడ్డాయి. మూడు వందల మందీ టిఫిను డబ్బాలు పట్టుకుని, ఆయన వైపు చూడకుండా వెళ్ళిపోయారు.

"నన్ను తీసేయండి మేడమ్," అన్నాడాయన.

"తీసేయాల్సినవాళ్ళే," అంది ఆడిటరమ్మ, విసుగ్గా సంతకం పెడుతూ. "కానీ సీలు వేసిన ఫ్యాక్టరీకి చట్టప్రకారం ఒక పర్మనెంటు సేఫ్టీ ఆఫీసరు ఉండి తీరాలి. ఇక్కడి ఆఫీసర్లలో ఆలస్యంగానైనా నిజం చెప్పింది మీరొక్కరే. ఇంకెవరున్నారు?"

మర్నాటినుంచి ఆయన నడిచే డ్యూటీకి వెళ్తున్నాడు. పర్మనెంటయ్యాక ఆయన ఆధ్వర్యంలో ఆ ఫ్యాక్టరీలో ఇంతవరకు ఒక్క ప్రమాదం కూడా జరగలేదు.