బీడు పొలం, పట్టేసిన నడుము

ఆ మంగళవారం పొద్దున్నే డ్వేన్ హావర్‌క్యాంప్ చర్చికి వేసుకునే సూటు తొడుక్కున్నాడు. పొలం చూడటానికి ప్రభుత్వ అధికారిణి కెల్సీ వస్తోంది మరి. నలభై ఎకరాలు పదేళ్ళపాటు దున్నకుండా, కోయకుండా గడ్డికీ పిట్టలకీ వదిలేస్తే ఏటా డబ్బిస్తామని ఒప్పందం. ఆ ధీమాతో డ్వేన్ ట్రాక్టరు కూడా అమ్మేశాడు. ఆవిడ పెదవి విరిచిందంటే మొగుడూ పెళ్ళాలకు ఈ ఏడు గడవదు.

ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. చెప్పడానికి మొహం ఉంటే కదా. "పండించనందుకు డబ్బు తీసుకునేవాడూ ఒక రైతేనా?" అని సహకార సంఘంలో కాఫీ తాగుతూ ఇన్నాళ్ళూ అందరినీ ఎగతాళి చేసింది ఆయనే. అందుకే వసంతంలో "మొక్కజొన్న వెయ్యలేదేం?" అని అడిగితే "నడుము నొప్పి" అనేశాడు.

అమెరికాలోని అయోవా పల్లెల్లో అలాంటి మాట ఊరికే అనకూడదు, సాయానికి ఊరంతా దిగిపోతుంది. పక్క పొలం వెర్లిన్ అటుగా పోతూ నిలువెత్తు పిచ్చిమొక్కల్ని చూశాడు. వాకిట్లో, ఆదివారం కాని రోజున, సూటులో ఉన్న డ్వేన్‌నీ చూశాడు. అయ్యయ్యో, వీలునామా రాయడానికి బయల్దేరినట్టున్నాడే అనుకుని ఊరంతా ఫోన్లు చేశాడు. కాసేపట్లో కోత యంత్రాలు తగిలించుకున్న ట్రాక్టర్లు బిలబిలమంటూ వచ్చి పడ్డాయి. వాటి వెనకే ఆడవాళ్ళు, బంగాళాదుంపలూ చీజూ వేసి కాల్చిన వంటకాలతో దిగారు.

చప్పుడు విని డ్వేన్ కిటికీలోంచి చూసేసరికి సగం పొలం నేలమట్టమైంది.

"కొంప మునిగిందే లవోన్," అంటూ భార్యను కేకేసి, కంచె మీంచి ఒక్క దూకు దూకి పరుగెత్తాడు.

"ఆపండి. ఎవడు కోయమన్నాడు మిమ్మల్ని?"

"నువ్వెళ్ళి పడుకోవయ్యా. మేం చూసుకుంటాంగా," అన్నాడు వెర్లిన్.

"నా పొలం జోలికి రాకండి. పొండి ఇక్కణ్ణించి."

వెర్లిన్ కంచెను చూశాడు, డ్వేన్‌ను చూశాడు. "నడుము నొప్పన్నావు. లేడిపిల్లలా దూకావే?"

డ్వేన్ అప్పుడు గుర్తొచ్చి నడుము పట్టుకున్నాడు. ట్రాక్టర్లు వెనక్కి మళ్ళాయి. లవోన్ చేతికిచ్చిన వంటకాన్ని వెర్లిన్ భార్య మళ్ళీ లాక్కుని మరీ వెళ్ళింది.

ఆ దుమ్ము అణగకముందే కెల్సీ దిగింది.

"భలే. సగం కోయించేశారే," అందామె.

"కోయకూడదు కదండీ?"

"గడ్డి కోయకూడదు. ఇదంతా ముళ్ళమొక్క. గింజ రాలిందంటే మీ గడ్డి బతకదు. కోయడానికి అనుమతి తెచ్చాను. మిగతాది సాయంత్రానికల్లా అయిపోవాలి, లేకపోతే డబ్బు ఆగిపోతుంది. ఇది మొండి మొక్క, ఏటా కోయించాలి."

ఆమె వెళ్ళగానే లవోన్, "వాళ్ళకి నిజం చెప్పేసెయ్," అంది.

"చచ్చినా చెప్పను."

లవోన్ ఒక్క నిట్టూర్పు విడిచి ఫోను తీసింది. "వెర్లిన్, ఇందాక కంచె దూకినందుకు ఈయనకి నడుము పట్టేసిందయ్యా. మంచం దిగలేకపోతున్నాడు."

ట్రాక్టర్లు పరుగున వచ్చాయి. వంటకమూ వచ్చింది. సూటుతోనే మంచమెక్కిన డ్వేన్‌కు వెర్లిన్ భార్య చెంచాతో తినిపిస్తుంటే, బయట మిగతా పొలం కోత హాయిగా అయిపోయింది.

ఒప్పందం ఇంకా తొమ్మిదేళ్ళుంది.