కారు యజమాని ఊళ్ళో లేదు

ఆ ఉదయం వేసుకున్న పథకం సులువైనదే. పదింటికి ఓడరేవు కస్టమ్స్ ఆఫీసులో సంతకం పెట్టడం, పన్నెండింటికల్లా కారు ఇంటి ముందు నిలబెట్టడం. పద్దెనిమిదేళ్ళు పరాయి దేశంలో పనిచేసిన లిఫ్టు మెకానిక్కు, తిరిగొచ్చేస్తూ ఓడలో వేయించిన నీలం రంగు కారది. నిజానికి అది భార్యది. అక్కడ ఆసుపత్రిలో నర్సుగా చేసేది. కారు ఆమే నడిపేది, ఆయన పక్క సీట్లో కూర్చునేవాడు. ఎనిమిది నెలల క్రితం ఆమె పోయింది. ఇంట్లో సామానంతా ఎవరెవరికో ఇచ్చేశాడు గాని, కారును మాత్రం వదల్లేకపోయాడు. డ్రైవింగు రాని మనిషికి కారెందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నడిపి తీసుకురావడానికి బావమరిదిని వెంటబెట్టుకెళ్ళాడు. బావమరిది దర్జీ. సాయమంటే ముందుంటాడు. చిక్కంతా ఆ సాయంతోనే వచ్చింది.

గుమాస్తా కాగితాలు తిరగేసి, “కారు మీ ఆవిడ పేరున ఉందే! ఆవిడేరండీ? యజమాని స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి,” అన్నాడు.

ఒక్క మాట చెబితే సరిపోయేది. కాని ఆ మాటను ఆయన ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా నోటితో అనలేదు. చుట్టాలందరికీ ఫోన్లు బావమరిదే చేశాడు, అక్కడి పనులు ఆసుపత్రివాళ్ళే చూసుకున్నారు. మెకానిక్కు నీళ్ళు నమిలి, “ఊళ్ళో లేదండీ,” అన్నాడు.

“ఎప్పుడొస్తారు?”

మెకానిక్కు తెల్లమొహం వేశాడు. ఆ అవస్థ చూడలేక బావమరిది, “సోమవారం!” అనేశాడు.

బయటికొచ్చి ఇద్దరూ మెట్ల మీద కూలబడ్డారు.

“సోమవారం ఏమిట్రా? ఉన్నమాట నువ్వైనా చెప్పొచ్చుగా?”

“ఫోన్లో అయితే ఎలాగో చెప్పాను గాని, ఇక్కడ నాకూ నోరు రాలేదు బావా. నాకు మాత్రం అక్క కాదూ?”

సోమవారం వెళ్ళి జ్వరమన్నారు. గుమాస్తా మంచివాడు, వీళ్ళ ప్రాణానికి అదే వచ్చిపడింది. “అయ్యో, జ్వరంతో ఉన్న మనిషిని ఇక్కడిదాకా తిప్పడమెందుకు? నేనే ఇంటికొచ్చి సంతకం తీసుకుంటా,” అంటూ స్టాంపుల పెట్టె సర్దుకున్నాడు.

“అబ్బెబ్బే, ఇంట్లో లేదండీ,” అన్నాడు బావమరిది.

“జ్వరంతోనా?”

“జ్వరంతోనే. అక్క మా ఇంటికొచ్చింది.”

“అయితే మీ ఇంటికే వస్తా.”

“మా ఇంటి నుంచి కూడా వెళ్ళిపోయిందండీ.”

గుమాస్తా కళ్ళద్దాలు తీసి ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. కనీసం కారైనా గుర్తుపడతారేమో చూద్దామని యార్డులోకి తీసుకెళ్ళాడు. దుమ్ము కొట్టుకుపోయిన ఆ కారు కంటపడగానే మెకానిక్కు తక్కినవన్నీ మరిచిపోయాడు. తలుపు తీసి, అలవాటు ప్రకారం తన సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, స్టీరింగు వైపు తిరిగి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. అయినా కాసేపు అలాగే కూర్చున్నాడు.

“ఏళ్ళ తరబడి వాడిన కారంటారు, స్టీరింగు ఎటుందో తెలీదా?” అన్నాడు గుమాస్తా.

అంతే, అనుమానం చిలవలు పలవలుగా పెరిగి పై అధికారిణి బల్ల మీదికెక్కింది. కాపురంలో గొడవలట. పెళ్ళాం జ్వరంతోనే ఇల్లు విడిచి వెళ్ళిపోయిందట. మొగుడు ఆమెకు తెలియకుండా కారు ఎత్తుకొచ్చాడట, సొంత తమ్ముడే మొగుడితో కుమ్మక్కయ్యాడట. శుక్రవారం లోగా ఆమె వచ్చి సంతకం పెట్టకపోతే కారును వచ్చిన దారినే ఓడెక్కిస్తామని నోటీసు ఇచ్చారు.

శుక్రవారం అధికారిణి ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. కోప్పడలేదు, ఇంటి పెద్దలా మాట్లాడింది. “ఆలుమగలన్నాక మాటా మాటా వస్తూనే ఉంటుంది. ఈ వయసులో పంతాలేమిటండీ? కారుదేముంది, ఇవాళ కాకపోతే రేపొస్తుంది. ముందు వెళ్ళి ఆవిణ్ణి తెచ్చుకోండి.”

“తెచ్చుకోగలిగితే ఈ కారెందుకమ్మా నాకు?” అన్నాడు మెకానిక్కు. “చనిపోయింది. ఎనిమిది నెలలైంది. మా ఆవిడ చనిపోయిందమ్మా.”

అన్నాక ఇక ఆగలేదు, పసిపిల్లాడిలా ఏడ్చాడు. బావమరిది మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

అధికారిణి మంచినీళ్ళ గ్లాసు ఆయన ముందుకు జరిపి, ఏడుపు తగ్గేదాకా ఆగి, సొరుగులోంచి వేరే ఫారం తీసింది. “పోయినవాళ్ళ వస్తువులకు ఈ సంతకాల గొడవే లేదండీ. మరణ పత్రం చూపించి భర్త సంతకం పెడితే చాలు. మొదటిరోజే చెప్పుంటే పావుగంట పని,” అంది మెల్లగా. మరణ పత్రం సంచిలోనే ఉంది. మెకానిక్కు దాన్ని మడతలు విప్పి బల్ల మీద పెట్టాడు.

పాత ఫైలు మూయడం మాత్రం మిగిలింది. గుమాస్తా బావమరిదిని పక్కకి పిలిచి, “ఏమీ అనుకోకండి, రాసుకోవాలి. సోమవారం వస్తారని ఎందుకు చెప్పారు?” అనడిగాడు.

“వస్తే బాగుణ్ణనిపించిందండీ,” అన్నాడు బావమరిది.

ఫారంలో అలాంటి కారణానికి గడి లేదు కనుక, గుమాస్తా ‘పొరపాటు’ అన్నచోట టిక్కు పెట్టి తాళాలిచ్చాడు.