సెకండ్‌హ్యాండ్ లారీకి రెండేళ్ల అభయం

ఎక్స్‌టెండెడ్ వారంటీని తిట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. మనిషి బుర్రలోంచి పుట్టిన గొప్ప విషయాల్లో అదొకటి! నమ్మకం కుదరడం లేదా? అయితే మా వీధి సామాన్లాయన సంగతి వినండి.

ఇళ్లు మారేవాళ్ల సామాను చేరవెయ్యడం ఆయన వృత్తి. మూడో అంతస్తు నుంచి బీరువాను గోడకు గీత పడకుండా దింపుతాడు. ఒకసారి చేపల తొట్టెను చేపలతో సహా దింపాడు, అవి నిద్ర కూడా లేవలేదని చూసినవాళ్లు చెప్తారు. అంతటి ధైర్యవంతుడికి కాగితం మీద సంతకం పెట్టాలంటే మాత్రం కాళ్లు వణుకుతాయి.

ఆయన పాత లారీ పద్దెనిమిదేళ్లు చాకిరీ చేసి, ఓ ఎత్తు మీద సగం దూరంలో ఊపిరి వదిలేసింది. అప్పటికే సోమవారం నాడు ఓ పళ్ల డాక్టరు క్లినిక్ మొత్తం కొత్త చోటికి మార్చిపెడతానని మాటిచ్చి ఉన్నాడు. రోగులు కూర్చునే ఆ కుర్చీ ఒక్కటే నలుగురు మోసే బరువు. మాట తప్పితే పనీ పోతుంది, పేరూ పోతుంది. పైగా ఎప్పుడో ఒకప్పుడు తన పన్ను ఆ డాక్టరు చేతిలో పెట్టక తప్పదాయె!

అందుకని సెకండ్‌హ్యాండ్ బళ్ల షోరూంకి వెళ్లాడు. తోడుగా భార్య వెళ్లింది. ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది. డాక్టర్ల చేతిరాత చదివీ చదివీ పదునెక్కిన కళ్లు.

షోరూంలో టై కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ఎదురొచ్చి, ఓ నీలం లారీ పక్కన నిలబెట్టి గంటసేపు దాన్ని పొగిడాడు.

"ఇది లారీ కాదు సార్, ఏనుగు! పదేళ్లు బానెట్ ఎత్తే పని లేదు. పాత ఓనర్ దీన్ని కన్నకూతురిలా చూసుకున్నాడు."

"మరి కన్నకూతుర్ని అమ్ముకున్నాడేం?" అంది ఆవిడ.

"అమ్ముకోవడమేంటి మేడమ్! మంచి అల్లుడు దొరికాడని పంపిస్తున్నాడు" అంటూ సామాన్లాయన భుజం తట్టాడు టై పెద్దమనిషి. సామాన్లాయన సిగ్గుపడ్డాడు కూడా.

లోపలికి వెళ్లి కూర్చున్నారు. కొనుగోలు కాగితం బల్ల మీదకొచ్చింది. సామాన్లాయన చెమట తుడుచుకుని పెన్ను అందుకున్నాడు. సరిగ్గా అప్పుడు టై పెద్దమనిషి సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు. మొహంలో నవ్వు మాయమైంది. పక్క గదిలో ఎవరో పోయినట్టు గొంతు తగ్గించాడు.

"సార్, ఎంతైనా పాత బండి. ఏదైనా జరగొచ్చు. ఇంజన్ పోవచ్చు. గేర్‌బాక్స్ పోవచ్చు. నిండు లోడుతో పల్లంలోకి దిగుతుంటే బ్రేకులు..." మిగతాది చెప్పలేక కళ్లు మూసుకున్నాడు.

సామాన్లాయన కిటికీలోంచి బయటికి తొంగిచూశాడు. నీలం లారీ అక్కడే ఉంది.

"ఇందాక మీరు చూపించింది ఈ బండేనా?"

"అదే సార్! అందుకే రెండేళ్ల ఎక్స్‌టెండెడ్ వారంటీ. విడిగా కొంత కడితే చాలు. శనివారం సాయంత్రం ఐదింటిదాకే ఆఫర్."

"అయితే రెండు సంతకాలూ శనివారమే పెడతాం" అని ఆవిడ లేచింది. చేతిలో ఆ కాగితంతో పాటు వచ్చిన వారంటీ పుస్తకం, నలభై ఎనిమిది పేజీలు.

ఇక చూడండి, ఆ పుస్తకం వాళ్ల ఇంటికి చేసిన మేలు! మూడు రోజులు టీవీ మూగబోయింది. మొగుడూ పెళ్లాలు ఒకరి పక్కన ఒకరు కూర్చుని పుస్తకం చదువుకున్నారు. పెళ్లయిన కొత్తలో కూడా అంత దగ్గరగా కూర్చున్నట్టు గుర్తులేదు. ఆవిడ చదవడం, ఆయన గుటకలు మింగడం.

"ఇంజన్‌కు సంపూర్ణ రక్షణ" అని చదివింది ఆవిడ.

"హమ్మయ్య!"

"ఆగండి. వేడి, చలి, నీరు, దుమ్ము, కదలికల వల్ల కలిగే నష్టానికి బాధ్యత లేదు."

"కదలికంటే?"

"బండి కదలడమేనండీ."

"పోనీ, కదలకుండా ఇంటి ముందు పెట్టుకుంటే?"

ఆవిడ రెండు పేజీలు తిప్పింది. "ఎక్కువకాలం కదలకుండా ఉంచినా బాధ్యత లేదట."

ముప్పై ఒకటో పేజీలో అసలు రత్నం దొరికింది. బండి దారిలో ఆగిపోతే, దాన్ని స్వయంగా నడుపుకుంటూ తమ వర్క్‌షాపుకి తీసుకురావాలి! ఇంతకంటే మనిషి మీద నమ్మకం ఎవరు పెడతారు చెప్పండి?

అయినా సామాన్లాయనకు ధైర్యం చాలలేదు. టై పెద్దమనిషి కళ్లు మూసుకున్న తీరు ఆయన్ని వదల్లేదు. కుర్చీలో కూర్చునే ముందు కాళ్లు నాలుగూ ఊపి చూస్తున్నాడు. మిక్సీ వెయ్యాలంటే రెండడుగులు వెనక్కి జరిగి, చెయ్యి చాపి స్విచ్ నొక్కుతున్నాడు. గొడుగు తెరిచే ముందు దీనికి వారంటీ ఉందా అని అడిగాడు.

"తీసేసుకుందామే! కనీసం మనశ్శాంతైనా ఉంటుంది" అన్నాడు శుక్రవారం పొద్దున.

"మనశ్శాంతి ఏ పేజీలో ఉందో చూపించండి, తీసుకుందాం" అంది ఆవిడ.

శనివారం ముగ్గురు వెళ్లారు. మూడోవాడు సామాన్లాయన బావమరిది, మెకానిక్. షోరూంలో ఆవిడ తన సంచిలోంచి ఓ తెల్లకాగితం తీసి టై పెద్దమనిషి ముందు పెట్టింది. దాని మీద ఒకే ఒక్క వాక్యం ఉంది: ఈ లారీ ఇంజన్, గేర్‌బాక్స్, బ్రేకులు బాగున్నాయని నేను చెప్పాను.

"గంటసేపు మీరన్నదే కదండీ. ఓ సంతకం పెట్టండి."

టై పెద్దమనిషి కాగితాన్ని తేలును చూసినట్టు చూశాడు. "రాసివ్వడమంటే మేడమ్... కంపెనీ రూల్స్ ఒప్పుకోవు."

"పోనీ ఇది పెట్టండి" అని రెండో కాగితం తీసింది. ఈ మూడూ ఎప్పుడైనా పోవచ్చని కూడా నేనే చెప్పాను, అని ఉంది దాని మీద.

టై పెద్దమనిషి పెన్నుకి క్యాప్ పెట్టేసి జేబులో దాచుకున్నాడు. టై కొంచెం వదులు చేసుకున్నాడు. సంతకానికి కాళ్లు వణికే మనిషిని ఇంకొకర్ని చూసి సామాన్లాయనకు మొదటిసారి ధైర్యమొచ్చింది.

"సరే, ఏవి పోతాయని మీరు భయపడ్డారో అవే మా బావమరిది చూస్తాడు" అన్నాడు లేచి నిలబడి. "కాదంటే బండి మీ దగ్గరే ఉంచుకోండి."

బావమరిది బండి కిందకి దూరాడు. ముందు తల, తర్వాత కాళ్లు కూడా కనబడకుండా పోయాయి. అరగంటకు గ్రీజు మొహంతో బయటికొచ్చాడు.

"ఇంజన్ బాగుంది బావా. గేర్‌బాక్స్ కూడా పర్లేదు. బ్రేక్ లైనింగులు మాత్రం అరిగి కాగితాల్లా అయిపోయాయి."

"అదే అనుకున్నా. ఆయన బ్రేకుల దగ్గరికి వచ్చేసరికే కళ్లు మూసుకున్నాడు" అంది ఆవిడ.

టై పెద్దమనిషి గడియారం చూసుకున్నాడు. షోరూం మెకానిక్‌ని కేకేశాడు. నాలుగున్నరకల్లా కొత్త లైనింగులు పడ్డాయి. సామాన్లాయన ఒక్క కాగితం మీదే సంతకం పెట్టాడు, అదీ చెయ్యి వణక్కుండా. సోమవారం డాక్టరుగారి కుర్చీ నీలం లారీలో నిమ్మళంగా కొత్త క్లినిక్‌కి చేరింది.

చూశారా! కొనకుండానే పనిచేసిన వారంటీ ప్రపంచంలో ఇంకోటుందా? అందుకే మీకో సలహా. అమ్మేవాడు మొహం చిన్నబుచ్చుకుని రెండో కాగితం తియ్యగానే విసుక్కోకండి. తీరిగ్గా కూర్చోండి. మంచినీళ్లు అడగండి. బండి గురించి ఆయన నిజం మాట్లాడేది ఆ ఐదు నిమిషాలే. ఒక్క ముక్క పోకుండా వినండి. విని, ఆ వారంటీ కొనకుండా వచ్చెయ్యండి.

పాపం, ఆయన తప్పేముంది? బండి ధరలో పొగడ్త కలిపే ఇస్తున్నాడు. నిజం మాత్రం ఎక్స్‌ట్రా!