ముందు ఫోటో, తర్వాత రవిక

ఆ ఆదివారం మహేశ్వర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. భార్యతో ఆళ్లగడ్డ బస్సెక్కడం, ఆమె అన్న సుబ్బన్న కూతురు శ్రీలత సీమంతంలో కడుపునిండా తినడం, సాయంత్రానికి నంద్యాల చేరి తన నెట్ సెంటర్లో కమీషన్ ఎంత పడిందో చూసుకోవడం. మధ్యలో నోరు తెరవాల్సిన అవసరం తినడానికి తప్ప రాదనుకున్నాడు.

కమీషన్ సంగతి ఏమిటంటే, ఢిల్లీలో ఎవరో సన్నబడే పొడి తయారుచేస్తారు. అమెరికాలో ఎవరో కంప్యూటర్లలో ప్రకటనలు వేసిపెడతారు. మధ్యలో మహేశ్వర్ ప్రకటన రాసి పెడతాడు. దాని మీద నొక్కి ఎవరైనా పొడి కొంటే, ఢిల్లీవాళ్లిచ్చే కమీషన్ అమెరికావాళ్ల దగ్గరున్న ఇతని ఖాతాలో పడుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆ ప్రకటనల కంపెనీవాళ్లు వేరే పనేమీ లేనట్టు బోలెడన్ని రూల్సు రాసిపెట్టారు. అబద్ధం చెప్పకూడదు, ఒకరి ఫోటో వాళ్లనడగకుండా వాడకూడదు, కమీషన్ వస్తుంటే ఆ సంగతి దాచకూడదు. అన్నిటి కింద 'చదివాను, ఒప్పుకుంటున్నాను' అని ఒక గడి. మహేశ్వర్ అందులో టిక్కు పెట్టి, చదవడం మిగతా దేశానికి వదిలేశాడు.

ప్రకటనకు రెండు ఫోటోలు కావలసివచ్చాయి. 'ముందు' అని మొన్న ఉగాదికి తీసిన భార్య భ్రమరాంబిక ఫోటో పెట్టాడు. 'తర్వాత' అని, పెళ్లైన కొత్తలో స్టూడియోలో తీయించిన సన్నటి భ్రమరాంబికను పెట్టాడు. మనిషి ఒకరే కాబట్టి అబద్ధమేమీ లేదు, కాలమే కాస్త వెనక్కి నడిచింది. హైదరాబాదులో చూసేవాళ్లకు ఏం తెలుస్తుందిలే అనుకున్నాడు. ఆళ్లగడ్డకు కూడా కరెంటూ కంప్యూటర్లూ వచ్చాయని అతనికి తట్టలేదు.

"వదిన ఈసారి కొలత రవిక పంపమనలేదయ్యా," అంది భ్రమరాంబిక బస్సులో. "నీ కొలత మాకు తెల్సులేమ్మీ అని ఫోన్లో ఒకటే నవ్వు."

"తెలిసే ఉంటాదిలే," అన్నాడు మహేశ్వర్, కిటికీలోంచి చూస్తూ.

సుబ్బన్న ఇంట్లో ఒక ఆచారం ఉంది. సీమంతానికి మేనత్తకు కొత్త చీర, కుట్టించిన రవిక పెడతారు. ఆమె అవి కట్టుకొచ్చి మొదటి గాజు తొడిగితే తప్ప ఇంకెవరూ గాజుల పళ్లెం ముట్టరు. కాబట్టి వీధిలో ఆడవాళ్లంతా మేనత్త కోసం గుమ్మంలో నిలబడి ఉన్నారు. భ్రమరాంబిక ఆటో దిగగానే, ఆమె వెనక ఇంకెవరైనా దిగుతారేమోనని మెడలు సాచి చూశారు.

"నువ్వేనా?" అంది వదిన రంగనాయకమ్మ.

"నేను గాక ఇంకెవరు వదినా?"

"మళ్లీ ఎప్పుడు లావైతివి?"

భ్రమరాంబికకు ఏమీ అర్థం కాలేదు. లోపల గదిలో రవిక తొడుక్కోబోతే అది మోచేతి దగ్గరే ఆగిపోయింది.

"ఏంది వదినా ఇది? పుట్టబోయే బిడ్డకు గాని కుట్టిచ్చినావా?"

"నీ కొలతకే!" రంగనాయకమ్మ ఆ రెండు ఫోటోల ప్రకటన అచ్చేసిన రంగుల కాగితం తెచ్చి చేతిలో పెట్టింది. "మన ఊరి నెట్ సెంటర్ మొయినుద్దీన్ తీసిచ్చినాడు. ఇదే చూపిచ్చి టైలర్ బీజాన్‌తో కుట్టిచ్చినా. మొగంలో వయసు గూడా తగ్గిందే, పొడిలో ఏం కలిపినారో అనుకుంటిమి. వీధిలో ఆడోళ్లమంతా పొడికి దుడ్లు కట్టినాము."

అప్పటికి మహేశ్వర్ వరండాలో రెండో ఓళిగ మీద నెయ్యి వేయించుకుంటున్నాడు. రంగనాయకమ్మ వచ్చి నిలదీసింది. "ఏందన్నా ఈ కత?"

నిజం చెబితే వీధి వీధంతా పొడి మానేస్తుంది. చెప్పకపోతే భార్య ఏం చేస్తుందో తెలియదు. మహేశ్వర్ వీధినే ఎంచుకున్నాడు.

"పొడి తాగినన్నాళ్లు సన్నంగానే ఉండెనమ్మా. నోరు కట్టుకోలేక మానేసె. అందుకే ఇట్ట."

"మానేస్తే ఇంతింతైతారా!" అని ఆడవాళ్లంతా ఒక్కసారి గుండెలు బాదుకున్నారు.

ఆ 'ఇంతింత' గదిలోకి వినబడింది. భ్రమరాంబిక పాత రవికతోనే బయటికొచ్చింది. ఒక చేతిలో కాగితం, ఇంకో చేతిలో బీజాన్ కుట్టిన రవిక.

"అన్నా, ఈ సన్నటి ఫోటోలో చీర ఎవరిది?"

సుబ్బన్న కళ్లద్దాలు సర్దుకున్నాడు. "పెండ్లైనాక మొదటి దీపావళికి నేను పెట్టిందే గదమ్మా. అప్పుడే ఎలకలు కొట్టేసినాయని ఏడిస్తివి."

"మరి ఎలకలు కొట్టిన చీర గూడా పొడి తాగి బాగైందేమో, అడుగు మీ బావను."

ఆడవాళ్లంతా మహేశ్వర్ వైపు తిరిగారు. మహేశ్వర్ ఓళిగ వైపు తిరిగాడు.

"వర్జ్యం వస్తాండాది. ముందు గాజులు కానీండి," అని భ్రమరాంబిక పాత రవికతోనే పీట మీద కూర్చుని శ్రీలతకు మొదటి గాజు తొడిగింది. ఆచారం తప్పిందని అనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది. తర్వాత భర్తను మొయినుద్దీన్ నెట్ సెంటర్‌కు నడిపించింది.

అక్కడ మహేశ్వర్ ఖాతా తెరిస్తే అమెరికా ప్రకటనల కంపెనీ ఉత్తరం కాచుకుని ఉంది. ఫోటోల్లో మార్పు నిజమని చూపించకపోతే ఖాతా మూసేస్తామన్నారు. మూస్తే అంతవరకు కూడిన కమీషన్ కూడా పోతుంది.

"నిజమే చూపిద్దాం. జరుగు," అంది భ్రమరాంబిక. మొయినుద్దీన్ చేత రెండు ఫోటోలూ అటుది ఇటు మార్పించింది. సన్నటిది ముందు, ఉగాదిది తర్వాత. "కింద రాయప్పా. ఈ పొడి నేను తాగలేదు. మీరు కొంటే మా ఆయనకు కమీషన్ వస్తాది. ఈ ఫోటోలు పెట్టేదానికి ఇప్పుడే ఒప్పుకున్యా."

"కొంప ముంచినావే!" అన్నాడు మహేశ్వర్.

మరునాడు అమెరికావాళ్లు ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. ప్రకటన అన్ని రూల్సుకూ లోబడి ఉందట, ఖాతా భద్రమట, ధన్యవాదాలట. మహేశ్వర్ ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరి వదిలేలోపే ఢిల్లీ పొడి కంపెనీ ఉత్తరం వచ్చింది. అతన్ని తీసేశామనీ, కమీషన్ రద్దనీ అందులో ఉంది.

పొడి గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పకూడదని వాళ్ల ఒప్పందంలో రాసి ఉందట. దాని కింది గడిలోనూ మహేశ్వర్ టిక్కు పెట్టే ఉన్నాడు.