పొల్లు పోయిన గోల్

మైదానంలోకి దిగే ముందు రెండు జట్లూ దండం పెట్టుకుంటే దేవుడు ఎవరి మాట వింటాడన్న అనుమానం నాకు చాలా ఏళ్లుగా ఉంది. పెద్దవాళ్లను అడిగితే, బాగా ఆడేవాళ్ల మాట వింటాడన్నారు. అలాగైతే దండం దేనికని అడగబోయి, కళ్లు పోతాయేమోనని ఊరుకున్నాను. మా ఫుట్‌బాల్ క్లబ్బు వరకూ ఈ ప్రశ్నతో పెద్దగా పని పడలేదు. ఆయన ఎప్పుడూ అవతలి జట్టు మాటే వింటూ వచ్చాడు.

ఒక్క ఆదివారం మాత్రం మా వైపు చెవి పెట్టాడు. అంత చప్పుడు జరుగుతుంటే పెట్టక ఏం చేస్తాడు?

ఆ సంగతి శనివారం పొద్దున్నే క్లబ్బు కార్యదర్శి గారి వంటింట్లో మొదలైంది. ఆయనకు బజారులో కళ్లజోళ్ల దుకాణం ఉంది. స్నానం, పూజ ముగించుకుని, టీ గ్లాసు పట్టుకుని పొయ్యి పక్కన నిలబడి భార్యకు తన పథకం చెబుతున్నాడు. ఆయన మొహంలో వారం రోజులుగా లేని వెలుగు కనిపించేసరికి ఆవిడకు ముందే భయం వేసింది.

వారం రోజుల దిగులుకు కారణం మైదానం సొంతదారు. అందరూ పెద్దాయన అంటారు. ఆయన ఇల్లు మైదానం గోడను ఆనుకునే ఉంటుంది. "బెంచీల మీద కాకులు తప్ప మనుషులు కనపడరు. ఎవరికీ అక్కర్లేని ఆటకి అంత జాగా ఎందుకయ్యా? ఈ ఆదివారం కూడా ఇలాగే ఉంటే, వచ్చే నెల నుంచి పాత కార్లు పెట్టుకునేవాళ్లకి ఇచ్చేస్తాను" అని ఆయన ఖరాఖండిగా చెప్పేశాడు.

జనాన్ని రప్పించాలని కార్యదర్శి అంతకుముందు ప్రయత్నాలు చేయకపోలేదు. ఆడవాళ్లకు టికెట్టు లేదని ప్రకటిస్తే ఆటగాళ్ల భార్యలు మాత్రం వచ్చారు. విరామంలో ముగ్గురు ఆటగాళ్లను గ్యాస్ బండ మార్చాలంటూ ఇంటికి తీసుకుపోయారు. విరామంలో పాటల కచేరీ పెడితే, పాటలు అయిపోగానే జనం లేచి వెళ్లిపోయారు. వెళుతూ వెళుతూ, మళ్లీ ఆట ఉందని ముందే చెప్పలేదేమని తప్పు పట్టారు కూడా.

"ఈసారి చూడు" అన్నాడు కార్యదర్శి. "మనవాళ్లు గోల్ చేస్తే అందరికీ టీ, బన్ను ఉచితం. గోడ మీద ఇంతింత అక్షరాలతో రాయిస్తున్నా."

"అందరికీనా? ఎవరు పెడతారండీ అన్ని టీలు?"

"ఎవరూ పెట్టక్కర్లేదు. అదే ఇందులో కిటుకు. మనవాళ్లు గోల్ చేస్తే కదా!"

"ఖర్మ కాలి చేస్తే?"

"ఎవరు, మీ తమ్ముడా?"

తమ్ముడు అంటే ఆవిడ సొంత తమ్ముడే. బోర్డులు రాయడం వృత్తి, జట్టులో ముందు వరుసలో నిలబడడం వ్యాపకం. పరిగెత్తడం అనకుండా నిలబడడం అన్నాను, చూసినవాళ్లకు తెలుస్తుంది.

"వాణ్ణేమీ అనకండి. బంతి వాడి దగ్గరికి రాకపోతే వాడేం చేస్తాడు?"

"రాకపోవడమేమిటి? వస్తుంది. వచ్చినట్టు వాడికే ఎవరూ చెప్పరు" అని కార్యదర్శి చెప్పులు వేసుకున్నాడు.

బావమరిదిని నిచ్చెనతో సహా గోడ దగ్గరికి లాక్కుపోయి, కాగితం మీద రాసింది చేతిలో పెట్టి, "అక్షరం పొల్లు పోకుండా రాయి" అని గట్టిగా చెప్పి దుకాణానికి వెళ్లిపోయాడు.

బావమరిది పనిమంతుడే. ఎర్ర రంగుతో, నల్ల అంచుతో మనిషంత అక్షరాలు దించాడు. గోల్ అన్న మాట దగ్గరికి వచ్చి, గో రాసి, ల రాసి, ల నెత్తిన పొల్లు పెట్టబోతే సరిగ్గా ఆ చోట ఒక బల్లి కూర్చుని ఉంది. అతనిది మెత్తని మనసు. ఉష్ అన్నాడు, కదలలేదు. కుంచె వెనక్కి తిప్పి గోడ మీద తట్టాడు, తల తిప్పి చూసింది. సరే, అదే పోతుంది కదా అని మిగతా అక్షరాలు మొదలుపెట్టాడు. బన్ను పక్కన బన్ను బొమ్మ వేసి, టీ పక్కన పొగలు కక్కే గ్లాసు వేసి, ఆ పొగ తనకే ముచ్చటగా తోచి ఇంకాస్త పొగ వేసి నిచ్చెన దిగేసరికి బల్లి సంగతి మర్చిపోయాడు. బల్లి ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు.

ఆ విధంగా బజారు మొత్తానికి గోడ చెప్పిన సమాచారం ఇది: "ఆదివారం ఆటలో మనవాళ్లు గోల చేస్తే అందరికీ టీ, బన్ను ఉచితం."

కార్యదర్శి ఆ గోడ వైపు రాలేదు. శనివారం సాయంత్రం కళ్లజోళ్లకు గిరాకీ ఎక్కువ. ఆదివారం వెనక సందు నుంచి వచ్చి టికెట్టు గదిలో కూర్చున్నాడు. ఆ గదికి కిటికీ వీధి వైపు ఉంటుంది, మైదానం కనపడదు. మైకు మాత్రం అక్కడే ఉంటుంది.

కిటికీ తెరిచేసరికి వీధి మలుపు దాకా వరుస. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. వరుస అలాగే ఉంది. అందరి చేతుల్లో ఏదో ఒక సరంజామా. పళ్లేలు, గరిటెలు, ఖాళీ నూనె డబ్బాలు, సైకిలు గంటలు. ఒకాయన ఏకంగా ఇనప బీరువా తలుపు ఒకటి ఇద్దరి చేత మోయించుకొచ్చాడు.

"టికెట్టు ఒకటివ్వండి. పళ్లెంతో చెయ్యొచ్చా, నోటితోనే చెయ్యాలా?" అని మొదటి మనిషి అడిగాడు.

ఆట మీద ఇంత అభిమానం ఉందని తెలియక జనాన్ని ఇన్నాళ్లూ నిందించానే అని కార్యదర్శి తనను తానే తిట్టుకున్నాడు. "మీ ఇష్టం నాయనా, ఎలాగైనా సరే, మనవాళ్లకి హుషారు రావాలి."

"మేమిద్దరం కలిసి ఒకే డబ్బా తెచ్చుకున్నాం. ఇద్దరికీ వస్తుందా టీ?"

"మనవాళ్లు చేస్తే అందరికీ వస్తుందమ్మా."

"చేస్తాం, ఎందుకు చెయ్యం? పొద్దున్నుంచీ ఎవరితోనూ మాట్లాడకుండా గొంతు దాచుకొచ్చాం!"

ఆవిడ ఆ మాట ఎందుకందో ఆయనకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరిక కూడా లేదు.

ఆట మొదలైంది. ఈల వినపడగానే బెంచీలు దద్దరిల్లాయి. కాకులు పక్క వీధికి మకాం మార్చాయి. కాసేపటికి ఎందుకైనా మంచిదని మైదానం మూలన పాలు, బన్నులు సిద్ధం చేసుకుని చెమటలు కక్కుతున్న కార్యదర్శి భార్య దగ్గరికి జనం తోసుకొచ్చారు.

"చేశాం కదమ్మా, టీ ఇవ్వండి!"

"చేశారా! అప్పుడేనా?"

"భలేదానివమ్మా, ఇంతసేపూ వినపళ్లేదా?"

ఆవిడ చెంపలు వేసుకుని ఫోను తీసింది. "ఏవండీ! చేశారట!"

"ఏం చేశారు?"

"గోలండీ, గోల్! అందరూ వచ్చి చెబుతున్నారు!"

టికెట్టు గదిలో కార్యదర్శి లేచి నిలబడ్డాడు. కూర్చున్నాడు. దేవుడి పటం కోసం గది నాలుగు గోడలూ వెతికి, కనపడక, మైకుకే దండం పెట్టాడు. "ఇచ్చెయ్! మాటంటే మాటే! అందరికీ ఇచ్చెయ్!" అని భార్యకు చెప్పి, మైకు ఆన్ చేసి, "మనవాళ్లు గోల్ చేశారహో!" అని కేక పెట్టాడు.

జనం ఇది ప్రశంస అనుకుని మరింత గట్టిగా చేశారు. మరి కాసేపటికి మళ్లీ ఫోను. "ఇంకోటి చేశారటండీ!" మళ్లీ మైకు. విరామం దాకా ఇదే వరస. మైకు లెక్క ప్రకారం మేం ఐదు గోల్స్ ముందున్నాం. మైదానంలో మాత్రం ఎవరూ ఏమీ చేయలేదు. మావాళ్లు ప్రకటన వచ్చిన ప్రతిసారీ ఆగి ఒకరినొకరు కౌగిలించుకుంటూ, వేసిందెవరో తెలియక మొహమాటపడుతున్నారు. బావమరిది అయితే, రెండోది తనదే అయి ఉంటుందని, అటు తిరిగి ఉన్నప్పుడు తగిలిందని పక్కవాడికి చెప్పేశాడు.

విరామంలో రిఫరీ, అవతలి జట్టు కెప్టెన్ కలిసి టికెట్టు గదికి వచ్చారు.

"ఏవండీ, ఆ ఐదు గోల్సూ ఎవరిచ్చారు మీకు?" అన్నాడు రిఫరీ.

"మా ఊళ్లో బంతి లోపలికి వెళితేనే గోల్ అంటాం. ఇక్కడ మైకులోకి వెళితే చాలా?" అన్నాడు కెప్టెన్. "మేం వెళ్లిపోతున్నాం."

ఆట ఆగితే జనం పోతారు, జనం పోతే మైదానం పోతుంది. కార్యదర్శి వాళ్లకు అడ్డంగా తలుపు దగ్గర నిలబడ్డాడు. అంతలో ఖాళీ పాల గిన్నె చంకనబెట్టుకుని భార్య పరుగెత్తుకొచ్చింది. వెనకే బావమరిది.

"పాలు అయిపోయాయి, బన్నులు అయిపోయాయి, ఇంకా చేస్తాం ఇంకా ఇవ్వమంటున్నారు! అడిగితే గోడ మీద రాశారు కదా అంటున్నారండీ. అసలేం రాయించారు మీరు?"

అందరూ వీధిలోకి వెళ్లి గోడ చూశారు. కార్యదర్శి ఒకసారి కళ్లజోడుతో, ఒకసారి లేకుండా చదివాడు. రెండు రకాలుగానూ గోలే.

"ఒరేయ్, అక్షరం పొల్లు పోకుండా రాయమన్నాను కదరా!"

"అక్షరాలన్నీ ఉన్నాయి బావా. పొల్లే పోయింది."

"ఎక్కడికి పోయిందిరా?"

"అక్కడ బల్లి ఉండింది."

రిఫరీ మొహం పక్కకు తిప్పుకున్నాడు. కెప్టెన్ నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంటే ఇంకా ఆరని ఎర్ర రంగు చొక్కాకు అంటింది. అలా నవ్విన మనిషి కోపంగా ఊరెళ్లడం కష్టం. "ఆ ఐదూ కొట్టేసి మొదటి నుంచి లెక్కపెడితే ఆడతాం" అన్నాడు.

ఇక జనానికి చెప్పాలి. కార్యదర్శి మైకు పట్టుకుని గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు. ఆయన భార్యే మైకు లాక్కుంది. "అమ్మా, అయ్యా, అది గోల కాదు, గోల్. మా తమ్ముడు పొల్లు మింగేశాడు. ఇప్పటిదాకా తాగినవి తాగారు. ఇక నుంచి బంతి ఆ వల లోపలికి పోతేనే టీ. పాలకి మనిషిని పంపించాను. కాస్త మైదానం వైపు కూడా చూడండి తల్లీ!"

జనం అప్పుడు మొదటిసారి మైదానం వైపు చూశారు. చూస్తే అక్కడ బంతి ఉంది, దాని వెనక మావాళ్లున్నారు, తమ టీ ఉంది. ఇంతకు ముందు ఊరికే చేసిన గోల ఇప్పుడు మావాళ్ల వీపుల వెనక గాలిలా తోసింది. "అటు కాదయ్యా, ఇటు!" "కుడి కాలు పెట్టు, కుడి కాలు!" "అన్నం తిన్నావా లేదా?" అని అరుపులూ, గాల్లో ఊగే గరిటెలూ, డబ్బాలూ. బావమరిదికి ఇన్ని గొంతులు తనను పిలవడం కొత్త. ఎవరో "ఏవయ్యా రంగులాయనా!" అంటే పలకబోయి వెనక్కి తిరిగాడు. సరిగ్గా అప్పుడే మావాడొకడు కొట్టిన బంతి అతని నడుముకు తగిలి, దిశ మార్చుకుని, అవతలి గోల్‌కీపరు ఎదురుచూడని మూల నుంచి వలలో పడింది.

రిఫరీ ఈల వేశాడు. ఎవరికీ వినపడలేదు. చెయ్యెత్తి చూపించాడు.

ఆ తర్వాత లేచిన చప్పుడును ఏమనాలో నాకు తెలియదు. గోల్, గోల రెండూ కలిసిపోయాయి. బీరువా తలుపు వంగిపోయింది. పెద్దాయన ఇంట్లో ఏదో భళ్లున పడిన శబ్దం మాత్రం కార్యదర్శికి స్పష్టంగా వినిపించింది.

ఆట అదే గోల్‌తో ముగిసింది. మైదానం గోడలోని చిన్న తలుపు కిర్రుమంది. చేతికర్ర పొడుచుకుంటూ పెద్దాయన మైదానంలోకి వచ్చాడు. డబ్బాలు, గరిటెలు వీపుల వెనక్కి పోయాయి. కార్యదర్శి చేతులు జోడించాడు.

"పొరపాటైపోయిందండీ. పొల్లు పోయింది. ఇంకెప్పుడూ ఇంత..."

"మా గోడ గడియారం కింద పడిందయ్యా."

"కొత్తది కొనిస్తానండీ."

"ఎందుకు? ఎప్పుడో ఆగిపోయిన గడియారం. పడ్డాక నడుస్తోంది." పెద్దాయన బెంచీల వైపు ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూశాడు. "బజారంతా ఇక్కడే ఉంది. ఇంతమందికి కావలసిన జాగా కార్లకిస్తే రేపు నన్ను వీధిలో నడవనిస్తారా? మీరే ఉంచుకోండి. అది సరే, నేనూ కిటికీ రెక్క ఇంతసేపు బాదాను. నా టీ ఏది?"

పాలు అప్పుడే వచ్చాయి. మొదటి గ్లాసు ఆయనకే ఇచ్చారు. బావమరిది కుంచె తెచ్చి గోడ మీద పొల్లు పెట్టబోతే, ఈ వారం వద్దులే, వచ్చే ఆదివారం దాకా ఉండనీ అని జనమే అడ్డుపడ్డారు.

టీ తాగడం అయ్యాక పెద్దాయన కాస్త నసిగాడు. "మీ బాకీ ఒకటి నా దగ్గర చాలాకాలంగా ఉండిపోయింది. వచ్చి అడుగుతారు కదా అని చూశాను. ఒక్కరూ రారే!" అంటూ తన పెరటి తలుపు బార్లా తీశాడు.

గోడ దాటి పడిన బంతిని అడగడానికి వెళితే మైదానం గుర్తొచ్చి ఖాళీ చేయమంటాడేమోనని, క్లబ్బులో ఎవరూ ఎన్నడూ ఆ గుమ్మం తొక్కలేదు. పోయినప్పుడల్లా కొత్తది కొన్నారు. పెరడంతా బంతులు. కొత్తవి, మాసినవి, గాలి పోయినవి, మెట్ల కింద పేర్చినవి. ఒకదాంట్లో పచ్చిమిర్చి మొక్క కాపు కాస్తోంది. తలుపు తీసిన ఊపుకు పై వరుసలోవి దొర్లుకుంటూ కార్యదర్శి కాళ్ల దగ్గరికి వచ్చి ఆగాయి.

క్లబ్బుకు ఆదాయం ఎందుకు నిలవడం లేదన్న విషయం మీద మరుసటి రోజు జరగవలసిన కమిటీ సమావేశాన్ని ఆయన అక్కడికక్కడే రద్దు చేశాడు.